సర్పంచ్ ‘అన్నారు’

ముప్పై ఒకటో ఏట విరమణ అనుభవాలు రాస్తున్నానంటే మా ఇంట్లోనే నవ్వారు. "పింఛన్ ఎప్పటి సంది?" అని మా అమ్మ అడిగింది. పింఛన్ లేదు. ఎవరూ శాలువా కప్పలేదు, వీడ్కోలు సభ పెట్టలేదు. కానీ తొమ్మిదేళ్లపాటు చేవెళ్ల, మొయినాబాద్ మండలాల వార్తలు రాసి, మళ్లీ వెళ్లే ఉద్దేశం లేకుండా ఆ పని నుంచి తప్పుకున్న మనిషిని నేను. దానికి విరమణ అనే మాట తప్ప మరొకటి నాకు తోచడం లేదు.

మొన్న చేవెళ్ల బస్టాండు దగ్గర ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు నన్ను ఆపి, "అక్కా, మేము గూడ రిపోర్టింగ్ జేద్దామనుకుంటున్నం. ఎట్లుంటది?" అని అడిగారు. వాళ్లకు నిలబడి చెప్పిన జవాబు నాకే నచ్చలేదు. సరైన జవాబు ఇది. గుర్తింపు కార్డు ఎట్లా వస్తుందో, ఫొటో ఏ సైజులో పంపాలో ఎవరైనా చెబుతారు. నేను చెప్పబోయేది ఒక క్రియాపదం గురించి.

ఈ మాట ఎవరిది?

కాలేజీలో నేను చర్చాపోటీల మనిషిని. అనుకూలంగా మాట్లాడమంటే అనుకూలంగా, ప్రతికూలంగా మాట్లాడమంటే ప్రతికూలంగా మాట్లాడేదాన్ని. మమ్మల్ని తయారుచేసిన తెలుగు లెక్చరర్ మాత్రం ఒక విషయంలో ఎవరినీ వదిలేది కాదు. ఎవరైనా ‘పెద్దలు అన్నారు’, ‘నిపుణులు అన్నారు’ అని మొదలుపెట్టగానే చేయెత్తి ఆపేది.

"ఏ పెద్దలు? ఎవరితో అన్నారు? నువ్వు విన్నావా? వినకపోతే కూర్చో."

ఆ ప్రశ్న పట్టుకుని ఎదుటి పక్షాన్ని చాలాసార్లు ఓడించాను. అల్మారాలో కప్పులు ఇప్పటికీ ఉన్నాయి. నన్ను నేను ఓడించుకోవడానికి అదే ప్రశ్న సరిపోతుందని అప్పుడు తెలియదు. విలేకరిగా చేరిన మొదటి నెలలోనే దాన్ని పక్కన పెట్టేశాను. ఎవరూ బలవంతం చేయలేదు. సాయంత్రం నాలుగింటికి ఐటెం వెళ్లాలి, అంతే. మా వృత్తిలో వార్తను ఐటెం అంటారు. ఆ మాటలోనే కొంత జబ్బు ఉన్నది.

పేరు ఆమెది, మాట ఆయనది

మా ఇన్‌ఛార్జి నరహరి గారికి ఈ పనిలో ముప్పై ఏళ్ల అనుభవం. ఆయన గురించి చెడు మాత్రమే రాస్తే అది అన్యాయం. ప్రమాదంలో మనిషి పోయిన ఇంటికి వెళ్తే ముందు కింద కూర్చోవాలని, నీళ్లిస్తే తాగాలని, ఆ తర్వాతే నోట్‌బుక్ తీయాలని నేర్పింది ఆయనే. ఊరి పేరులో ఒక్క దీర్ఘం తప్పినా ఆ ఊరు నిన్ను జన్మలో నమ్మదని చెప్పిందీ ఆయనే. ఆలూరు పేరు ఒకసారి తప్పుగా రాస్తే నన్ను బస్సెక్కించి ఆ ఊరికే పంపి, బడి గోడ మీద బోర్డు చూసి రమ్మన్నాడు. అంత పట్టింపు ఉన్న మనిషి.

చేరిన రెండో వారంలో ఒక మహిళా సర్పంచ్‌కు ఫోన్ చేశాను. మగ గొంతు పలికింది.

"సర్పంచ్ గారితో మాట్లాడాలండి."

"మాట్లాడుతున్న, చెప్పు."

"సర్పంచ్ అంటే మేడం కదా?"

"ఆఁ, మేడమంటే మేమే. ఏం గావాలె నీకు?"

ఫోన్ పెట్టేసి నరహరి గారిని అడిగాను. ఆయన కంప్యూటర్ మీది నుంచి తల ఎత్తలేదు.

"ఏమున్నదమ్మా ఇండ్ల? పేరు ఆమెది రాయి, మాట ఆయనది రాయి. ఆమె పొలం కాడ ఉంటదో, పొయ్యి కాడ ఉంటదో. ఏడని దేవులాడుతవ్?"

"అబద్ధం గాదా సార్?"

"‘అన్నారు’ అని రాస్తం గద! అండ్ల ఆడమనిషా, మొగమనిషా అని ఉంటదా? మంచి భాష మనది. ఇద్దరికీ ఒక్కటే మర్యాద."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఈ తొమ్మిదేళ్లలో నేను సిగ్గుపడే నవ్వు అదొక్కటే.

అమ్మాయిలూ, ఇక్కడ జర ఆగి ఆలోచించండి. ‘అన్నాడు’ అని రాస్తే మాట్లాడింది మగవాడని చదివేవాళ్లకు తెలుస్తుంది. ‘అన్నది’ అని రాస్తే ఆడమనిషి అని తెలుస్తుంది. ‘అన్నారు’ అని రాస్తే ఏమీ తెలియదు. పెద్దవాళ్లను గౌరవించడానికి మన భాష చేసిపెట్టిన మాట అది. దాని చాటున నిలబడి ఎంతమంది భర్తలు, మరుదులు, మామలు మా పేజీల్లో మాట్లాడారో లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు. నా ఫోన్‌లో ‘సర్పంచ్’ అని, పక్కన ఊరి పేరుతో దాచుకున్న నంబర్లలో మహిళా సర్పంచ్‌ల ఊళ్లవి ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఒక స్త్రీ ఎత్తే నంబరు కాదు. ఆమెకు పదవి ఇచ్చామని మనం చప్పట్లు కొట్టుకున్నాం. ఆమె చేతికి ఫోన్ ఇవ్వలేదు.

నాలుగు వాక్యాలు

అజీజ్‌నగర్ దాటి లోపలికి వెళ్తే ఒక ఊరు. పేరు రాయను, ఆ ఊరికి ఇప్పటికే నా వల్ల జరిగిన హాని చాలు. ఆ ఊరి సర్పంచ్ సువార్తమ్మ. నలభై ఐదేళ్లుంటాయి. సర్పంచ్ సీటు మహిళలకు రిజర్వు కాకముందు ఒక ఫాంహౌస్‌లో తోటపని చేసేది. భర్త ప్రభుదాస్ ఒకప్పుడు ఆటో నడిపి, తర్వాత భూముల బేరాల్లో మధ్యవర్తిగా తిరిగేవాడు. ఊరి నుంచి పొలాల మధ్యగా ఒక బండిబాట ఉండేది. ఆ బాట చివర క్రైస్తవ కుటుంబాల సమాధుల తోట. రెండు పక్కల పొలాలు కొన్న ఒక రిసార్టు వాళ్లు ఆ బాటను కూడా కలుపుకుని గోడ కట్టారు, గేటు పెట్టారు. ఊళ్లో గొణుగుడు మొదలైంది. నాకు ఐటెం దొరికింది.

ఎప్పటిలాగే నా ఫోన్‌లో ‘సర్పంచ్’ అని ఉన్న నంబరుకు చేశాను.

"అభ్యంతరమేందమ్మా?" అన్నాడు ప్రభుదాస్. "మావోళ్లకు అండ్ల పని దొర్కుతది. తొవ్వ పక్కకెల్లి వేరేది ఇస్తమన్నరు. మాకేం ఫికర్ లేదని రాయి."

రాశాను. మొత్తం నాలుగు వాక్యాల వార్త. చివరి వాక్యం: ‘గేటు వల్ల గ్రామస్తులకు ఎలాంటి ఇబ్బందీ లేదని సర్పంచ్ సువార్తమ్మ అన్నారు.’

మా ఇంటి నుంచి ఆ బాట స్కూటీ మీద ఇరవై నిమిషాల దూరం. వెళ్లి చూడలేదు. సువార్తమ్మను అడగలేదు. ‘నువ్వు విన్నావా? వినకపోతే కూర్చో’ అన్న గొంతు నాకు గుర్తు రాలేదు. మర్నాడు వార్త జిల్లా పేజీలో కింది మూలన వచ్చింది. అది వచ్చిన సంగతి కూడా వారం తిరక్కుండానే మరిచిపోయాను.

రిసార్టు వాళ్లు మరిచిపోలేదు. ఆ ముక్కను కత్తిరించి, గోడకు అనుమతి అడుగుతూ పెట్టిన తమ దరఖాస్తుకు జతచేశారు. ఊరివాళ్లు ఫిర్యాదు పట్టుకుని మండల ఆఫీసుకు వెళ్తే, "మీ సర్పంచే ఒప్పుకున్నది గద, పేపర్ల గూడ వచ్చింది" అని తిప్పి పంపారట. ఇస్తామన్న వేరే తొవ్వ వాగులో దిగి ఎక్కాల్సిన తొవ్వ. వానాకాలంలో శవపేటికను భుజాల మీద మోస్తూ ఆ వాగు దాటలేరు. ఇదంతా నాకు చాలా ఆలస్యంగా, తెలియాల్సిన చోటనే తెలిసింది.

గేటు తన్నిన ఆమె, గేటు బయట నిలబడ్డ ఆమె

అక్కడికి వెళ్లేముందు ‘శివంగి’ అనే మాట మీద నా కోపం చెప్పాలి. మహిళా దినోత్సవం వస్తుందంటే చాలు, మా డెస్క్‌కు శివంగులు కావాలి. నేనూ ఎన్నోసార్లు అందించాను. ఆ మాట పత్రికల్లోకి తెర మీద నుంచి దిగి వచ్చింది. మన తెర మీద బలమైన స్త్రీ ఏం చేస్తుంది? తన్నుతుంది. చెంప పగలగొడుతుంది. నడుస్తుంటే వెనకాల దుమ్ము లేస్తుంది. ఆమె ఒక ఫైలు తెరిచి చదవడం నేను చూడలేదు. ‘ఈ కాగితంలో ఏమున్నదో చదివి వినిపించండి’ అనడం చూడలేదు. ‘నేను సంతకం పెట్టను’ అని కుర్చీలో కదలకుండా కూర్చోవడం చూడలేదు. బలమంతా కాలిలోనో చేతిలోనో ఉంటుంది.

వినోదాన్ని వినోదంగా చూడాలి కదా అని ఎదుటి పక్షం అంటుంది. ఒప్పుకుంటాను. నేనూ అట్లాంటి సీన్లకు ఈల వేసినదాన్నే. నా అభ్యంతరం ఈలల మీద కాదు. చట్టసభల్లో స్త్రీల వాటా గురించి టీవీ చర్చల్లో ప్రతి సాయంత్రం అరుచుకుంటాం. పంచాయతీ ఆఫీసులో ఎప్పుడో వచ్చిన వాటా కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారో తొంగిచూడం. సీరియల్లో సర్పంచ్‌గా వేసిన అమ్మాయికి దండం పెట్టే మనిషే, తన ఊరి సర్పంచ్ నోరు విప్పితే ‘ఆమెకేం తెలుసు’ అంటాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఇంత హాయిగా ఎట్లా ఉంటాయన్నది నా ప్రశ్న. జవాబు ఇంకా దొరకలేదు.

ఇక ఆ రోజు. ఈస్టర్ ముందటి శనివారం. ఒక టీవీ సీరియల్ షూటింగ్ ఉన్నదని, టీవీ పేజీకి కథనం కావాలని నన్ను పంపారు. చిరునామా చూస్తే ఆ రిసార్టే. గేటు మీద అట్టతో చేసిన ‘దొర గడి’ బోర్డు తగిలించారు. సీన్ ఏమిటంటే, దొర ఊరి బాట మూసేస్తాడు. కొత్తగా గెలిచిన యువ సర్పంచ్ వచ్చి గేటును తన్ని తెరుస్తుంది.

హీరోయిన్ పక్క రాష్ట్రం అమ్మాయి, తెలుగు రాదు. కెమెరా వెనక నుంచి అసిస్టెంట్ డైరెక్టర్ "ఈ బాట మా ఊరి రక్తం!" అని అరిస్తే, ఆమె వచ్చీరాని పలుకుతో పెదవులు కదిపేది. తర్వాత ఇంకెవరో గొంతు కలుపుతారు. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఎండలో పట్టుచీరతో నాలుగోసారి గేటు తన్నుతూ పాపం చెమటలు కక్కుతున్నది. కానీ ఒక సర్పంచ్ వెనక నిలబడి ఒక మగవాడు మాటలు అందించడం నాకు కొత్త దృశ్యం అనిపించలేదు.

అప్పుడు ఏడెనిమిది మంది ఆడవాళ్లు సున్నం బకెట్లు, కుంచెలు పట్టుకుని బాట వెంట వచ్చారు. అసిస్టెంట్ డైరెక్టర్ మొహం వెలిగిపోయింది.

"సూపర్! బకెట్లు ఎవరి ఐడియా? చాలా రియల్‌గా ఉంది. అమ్మా, అట్లాగే నిలబడండి. మేడం గేటు తన్నగానే చప్పట్లు కొట్టాలి."

"చేతుల బకెట్లున్నయి, చప్పట్లెట్ల గొడ్తం బాపూ?" అన్నది ఒకామె. "మాకేమన్న నాలుగు చేతులున్నయా?"

అందరూ నవ్వారు. ముందు నిలబడ్డ ఆమె మాత్రం నవ్వలేదు. "మేము షూటింగ్‌కు రాలే. రేపు పండుగ. సమాధులకు సున్నమేసుకోవాలె. మా అత్తమ్మ ఉన్నది లోపల."

"లోపలున్నారా? పిలిపించమంటారా?"

"పిలిస్తే వచ్చేదుంటే మాకీ తిప్పలెందుకు? సచ్చిపోయి ఆరేండ్లాయె."

రిసార్టు మేనేజర్ పరుగున వచ్చాడు. "అమ్మా, ఇది ప్రైవేట్ జాగ. మీ సర్పంచే ఒప్పుకున్నది. సువార్తమ్మ."

"నేనే సువార్తమ్మను."

అతను తడబడ్డాడు. వెంటనే తేరుకుని ఫోన్‌లో ఒక ఫొటో తీసి చూపించాడు. నా నాలుగు వాక్యాలు. "ఇగో, ‘సర్పంచ్ అన్నారు’ అని అచ్చయింది. కావాలంటే ఈ మేడంనే అడుగుండ్రి. మన మండలం వార్తలు రాసేది ఈమెనే."

సువార్తమ్మ బకెట్ కింద పెట్టి నా వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నువ్వేనా బిడ్డా?"

"అవునమ్మా."

"నేను నీతోని ఎప్పుడన్న? నా గొంతు ఇంతకుముందు ఎన్నడన్న ఇన్నవా?"

ఆమె గొంతు వినడం నాకు అదే మొదటిసారి.

"యాక్షన్!" అని అరుపు వినిపించింది. ఐదో టేకు. హీరోయిన్ తన్నింది, గేటు తెరుచుకుంది. సువార్తమ్మ బకెట్ ఎత్తుకుని తిన్నగా ఆ తెరిచిన గేటులోకి నడిచింది.

"కట్! కట్! అమ్మా, ఫ్రేంలోకి వచ్చేశారు!"

ఇద్దరు వాచ్‌మన్లు ఆమెను వెనక్కి తీసుకొచ్చి బయట నిలబెట్టారు. ఆరో టేకు కోసం గేటు మళ్లీ మూశారు. ఆ ఈస్టర్ పొద్దున ఊరివాళ్లు వాగు దిగి ఎక్కి సమాధుల దగ్గరికి వెళ్లారు. నడవలేని ముసలివాళ్లు ఇళ్లలోనే ఉండిపోయారు.

సవరణ

నేను పంపిన కథనంలో రెండు పేరాలు సువార్తమ్మ గురించి ఉన్నాయి. అచ్చయిన దానిలో ఒక్క అక్షరం లేదు. శీర్షిక: ‘గేటు తన్నిన శివంగి’. హీరోయిన్ కాలు గాలిలో ఉన్న పెద్ద ఫొటో.

పాత వార్తకు సవరణ వేయాలని నరహరి గారిని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది ఒక్కటి సవరిస్తే మనం రాసినయన్నీ సవరించాలె. నీకు ఓపికున్నదా? నాకు లేదమ్మా. ముప్పై ఏండ్లయి."

ఆ జవాబులో నిజాయితీ ఉన్నది. అందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. తప్పు చిన్నదైతే దిద్దుతారు. పెద్దదైతే, పెద్దదన్న కారణంతోనే వదిలేస్తారు. ఊరి పేరులో దీర్ఘం తప్పితే బస్సెక్కించి పంపిన మనిషికి, ఊరి మాట తప్పితే కదలాలని అనిపించలేదు.

నేనే నా పేరుతో ఒక కాగితం రాశాను. ఫలానా వార్త రాసేటప్పుడు సర్పంచ్‌తో నేను మాట్లాడలేదు, ఆమె భర్త మాటను ఆమె పేరుతో రాశాను, తప్పు నాది. సంతకం పెట్టి ఒక ప్రతి మండల ఆఫీసులో ఇచ్చాను, ఒకటి సువార్తమ్మకు ఇచ్చాను. ఆ వారం నుంచి నేను పంపిన ఐటెంలు అచ్చు కావడం ఆగిపోయింది. పొమ్మని ఎవరూ అనలేదు. మూడు వారాలు చూసి, గుర్తింపు కార్డు కవర్లో పెట్టి పంపించాను.

గ్రామసభకు రమ్మని సువార్తమ్మ కబురు చేసింది. వెళ్లాను. ప్రభుదాస్ అలవాటు కొద్దీ లేచాడు.

"సర్పంచ్ తరఫున నేను చెప్పేదేందంటే..."

"తరఫున ఎందుకు?" అన్నది సువార్తమ్మ. "నేను ఈడనే ఉన్న గద. జర కూసో."

వెనక నుంచి ఎవరో, "సీరియల్ జూసి నేర్చినట్టున్నది" అన్నారు. నవ్వులు.

"సీరియల్ల ఆమె గేటును తన్నింది," అన్నది సువార్తమ్మ ఆ వైపు తిరిగి. "నేను తన్నేది లేదు. కాయితం రాయిస్త, సంతకం పెడ్త. ఆగే దమ్మున్నోళ్లు ఆగుండ్రి, లేనోళ్లు పోయి సీరియల్ జూసుకోండ్రి."

ఎవరూ పోలేదు. బాట తెరవాలని తీర్మానం రాశారు. నా కాగితాన్ని అందరి ముందు చదివించారు. చదువుతున్నంతసేపు ప్రభుదాస్ నా వైపు చూడలేదు. నేనూ అతని వైపు చూడలేదు. ఆ తప్పులో ఇద్దరం భాగస్థులం.

రాసుకో

ఇది రాస్తుండగా నిన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. తెలియని నంబరు.

"నేను సువార్తను మాట్లాడుతున్న. ఇది నా ఫోనే, మా ఆయనది గాదు. సర్వేయర్ వచ్చిండు. పాత నక్షల మా తొవ్వ ఉన్నదట. రేపు గేటు తీస్తమన్నరు. తియ్యకపోతే ఆ గేటు ముంగటనే కూసుంట. రాసుకో."

"ఇప్పుడు నాకు పేపర్ లేదమ్మా."

"లేకుంటే లేకపాయె. రాసుకో. ఎవరన్న అడుగుతే నేనే అన్నన్నని చెప్పు."

అమ్మాయిలూ, మీరు అడిగింది ఎట్లుంటదని. ఇట్లా ఉంటుంది. ఒక నంబరును సరైన పేరుతో దాచుకోవడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. మీకు మొదటి రోజే అది చేతనైతే, తప్పకుండా ఈ పనిలోకి రండి.

ఇక నా చివరి ఐటెం. గేటు తియ్యకపోతే దాని ముందే కూర్చుంటానని సర్పంచ్ సువార్తమ్మ అన్నది. నాతోనే అన్నది. నేను విన్నాను.